కార్డు ఎవరిచ్చారు

పోయిన వారం మనం ఆగేసరికి ఓల్గెర్ మతర్రీతా బట్టలు రెండు సంచుల్లో, అతను పడవ మోటార్లు బాగుచేసే షెడ్డు ముందున్నాయి. వాటిని అక్కడ పెట్టింది అతని పెళ్ళాం నినోస్కా. పెట్టేసి, మధ్యాహ్నం వంటకి వేళవుతోందని రేవు పక్కన తను పనిచేసే హోటలుకి వెళ్ళిపోయింది.

కారణం పుంతరేనాస్ ఊరందరికీ తెలుసు. సముద్రంలోకి నాలుక చాపినట్టుండే ఊరది. ఒక పక్క కెరటాలు, ఇంకో పక్క పాయలో పడవలు. మధ్యలో ఎవరేమన్నా రెండు పక్కలకీ వినిపిస్తుంది. ఓల్గెర్ మేనల్లుడి పుట్టినరోజున, నినోస్కా అత్తగారు, ఊరంతా మర్యాదగా దోన్యా అనే మయేలా పెరట్లో అందరూ కూర్చుని తింటున్నారు. పాత మోటారు అమ్మి అప్పు చేసి పెద్దది కొంటానన్నాడు ఓల్గెర్. ఇప్పుడొద్దంది నినోస్కా. అంతే, మాట మీద మాట పెరిగింది. చేతిలో బీరు సీసాతో, బంధువులందరూ వింటుండగా అతనన్నాడు: "అసలు నీకు కార్డు ఎవరిచ్చారు? నేను లేకపోతే ఈ దేశంలో నీకు అడ్రసే లేదు."

ఆ మాటలో రెండు దెబ్బలున్నాయి. మొదటిది అందరికీ అర్థమైంది. రెండోది నినోస్కాకి ఒక్కదానికే తగిలింది. ఈ తీరంలో మొగుళ్ళు పెళ్ళాలని 'మీరు' అంటారు. కన్నపిల్లల్నీ, పెంపుడు కుక్కనీ కూడా అలాగే అంటారు. నికరాగ్వా నించి వచ్చిన కొత్తలో ఓల్గెర్ తనని మీరు, మీరు అంటుంటే, ఈయనకి నా మీద కోపమేమో అనుకునేది నినోస్కా. వాళ్ళ వైపు మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు నువ్వు అనేస్తారు. నాలుగేళ్ళ కాపురంలో ఆ 'మీరు' ఆమెకి ముద్దుమాట అయిపోయింది. పెరట్లో ఆరోజు అది కాస్తా పోయింది.

ఇప్పటిదాకా ఆమె చేతిలో ఉన్నది, ఈ దేశంలో ఉండనిచ్చే తాత్కాలికపు కార్డు. ఈ దేశపు మనిషిని పెళ్ళి చేసుకున్నందుకు ఇచ్చినది. కాపురం ఉన్నన్నాళ్ళే అది చెల్లుతుంది. పర్మినెంట్ కార్డు అలా కాదు. ఒకసారి చేతికొస్తే ఆమెదే, మొగుడున్నా లేకపోయినా. దానికి గొడవకి ముందే ఇద్దరూ కలిసి అర్జీ పెట్టారు. నినోస్కా కూతురు హెయ్సెల్ కాగితాలు కూడా తల్లి కాగితాలకే వేలాడుతున్నాయి. హెయ్సెల్ మొదటి పెళ్ళి బిడ్డ. ఇక్కడే స్కూలు ఆఖరి ఏడు చదువుతోంది, నర్సింగులో చేరాలని ఉంది. ఓల్గెర్ ఇల్లు విడిచిన రెండు వారాలకి రాజధాని నించి పిలుపొచ్చింది. భార్యాభర్తలిద్దరూ రావాలి, విడివిడిగా మాట్లాడతారు.

ఫోనులో ఓల్గెర్ "వస్తాను" అని మాత్రం అన్నాడు.

వెళ్ళాల్సిన రోజు పొద్దున, నినోస్కా జుట్టు దువ్వుకుంటుంటే హెయ్సెల్ వెనక నిలబడింది.

"అమ్మా, ఒక్క అబద్ధం చెప్పు. ఒక్కటే. ఆయన ఇంట్లోనే ఉంటున్నాడని చెప్పు చాలు."

"నాకు అబద్ధాలు రావే."

"ఎందుకు రావు? నాన్న ఓడ మీద పెద్ద ఊరికెళ్ళాడని నాకు పదేళ్ళొచ్చేదాకా చెప్పావుగా. ఎంత బాగా చెప్పావో. ఓడ రంగుతో సహా."

నినోస్కా చేతిలో దువ్వెన ఆగింది. జుట్టు ముడి వేసుకుని బస్టాండుకి బయల్దేరింది.

బస్సులో ఓల్గెర్ ముందు సీట్లో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గోళ్ళ కింద గ్రీజు మాత్రం ఎంత రుద్దినా పోలేదని తెలుస్తూనే ఉంది. అతని పక్కన, ప్రార్థనకి వేసుకెళ్ళే నీలం గౌనులో దోన్యా మయేలా కూర్చుని ఉంది. ఆవిడని ఎవరూ పిలవలేదు. దోన్యా మయేలా పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదని ఊళ్ళో చెప్పుకుంటారు. అలా చెప్పేవాళ్ళు దాన్ని మెచ్చుకోలుగా చెప్పరు. కొడుకు ఒక 'నికా'ని, అంటే నికరాగ్వా ఆడదాన్ని, చేసుకున్నాడని పెళ్ళికి వెళ్ళనిదీ ఆవిడే, నాలుగేళ్ళలో కోడలి గడప తొక్కనిదీ ఆవిడే.

నినోస్కా వెనక సీట్లో కూర్చుంది. దారి పొడుగునా మామిడితోటలు, తర్వాత కొండలు, తర్వాత చలి. ముగ్గురిలో ఎవరూ వెనక్కీ ముందుకీ తిరగలేదు.

వలసల ఆఫీసు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. నినోస్కా ఎదురుగా ఒక పడుచు జంట. గొంతు తగ్గించి ఒకరినొకరు పాఠం అప్పజెప్పించుకుంటున్నారు.

"నాకిష్టమైన రంగు?"

"ఆకుపచ్చ."

"ఊదా! నిన్న రాత్రంతా చెప్పాను కదరా బాబూ!"

"సరే, ఊదా. మీ అమ్మ పేరు?"

"నువ్వు చెప్పాలి, నన్నడుగుతావేంటి?"

నినోస్కా నవ్వాపుకుంది. వీళ్ళ మధ్య కాపురం లేదు, జవాబులున్నాయి. తనకి జవాబులన్నీ ఉన్నాయి. ఓల్గెర్‌కి ఏ కాలు ముందు నొప్పెడుతుందో, వానొచ్చే ముందు ఏ భుజం పట్టుకుంటాడో, నిద్రలో ఏ మోటారు పేరు పలవరిస్తాడో తెలుసు. తెలిసి ఏం లాభమో తెలియదు.

పక్క కుర్చీ కిర్రుమంది. దోన్యా మయేలా వచ్చి కూర్చుంది.

"తిన్నారా?"

"తిన్నాను."

"ఏం తిన్నారు?"

"కాఫీ."

"కాఫీ తినడమేంటి అమ్మాయ్." ఆవిడ సంచిలోంచి చిన్న డబ్బా తీసి నినోస్కా ఒళ్ళో పెట్టింది. చిక్కుళ్ళు కలిపిన అన్నం, పక్కన వేయించిన అరటిపండు. "ఎర్ర చిక్కుళ్ళు వేశాను. మీకు నల్లవి దిగవట కదా."

నికరాగ్వా వాళ్ళు ఎర్రవి వేస్తారు, ఇక్కడివాళ్ళు నల్లవి. ఈ చిక్కుళ్ళ మీద రెండు దేశాలూ ఏళ్ళ తరబడి పోట్లాడుకుంటున్నాయి. నినోస్కా డబ్బా మూత తీయలేదు. విషం పెట్టిందని కాదు. మంచితనం ఎటు నించి వస్తోందో తెలియక.

"మీరెందుకొచ్చారు?" అనడిగింది.

"నా కొడుకేం చెబుతాడో చూద్దామని."

"లోపలికి రానివ్వరు."

"అక్కర్లేదు. బయటికొచ్చాక మొహం చూస్తాను. కన్నదాన్ని, ఆ మాత్రం తెలీదా?"

ముందు ఓల్గెర్‌ని పిలిచారు. అతను చాలాసేపు లోపలే ఉన్నాడు. ఈలోగా పడుచు జంట వేరే గదుల్లోకి వెళ్ళి, గబగబా బయటికొచ్చి, చేతులు పట్టుకుని మెట్లు దిగిపోయారు. ఊదా రంగు గుర్తున్నట్టే ఉంది. ఓల్గెర్ బయటికొచ్చేసరికి అతని చెవులు ఎర్రగా ఉన్నాయి. పెళ్ళాం వైపు చూడకుండా వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. దోన్యా మయేలా కొడుకు మొహం పరిశీలనగా చూసింది. ఏం తెలిసిందో చెప్పలేదు.

"నినోస్కా రుగామా!"

లోపలి గది చిన్నది. బల్ల అవతల కూర్చున్న అధికారిణి పేరు ఉరేన్యా. యాభై దాటినావిడ. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. జలుబు చేసినట్టు ముక్కు తుడుచుకుంటోంది.

"కూర్చోండి. నేనడిగిందానికి చెప్పండి. కంగారు పడకండి. తెలియకపోతే తెలియదనండి."

మొదలుపెట్టింది. పొద్దున ముందు ఎవరు లేస్తారు? అతనే. కాఫీ ఎవరు పెడతారు? అతనే, ఆదివారం తప్ప. అతనికేం పడదు? రొయ్య. మోటార్ల మనిషికి, రేవులో పుట్టినవాడికి రొయ్య పడకపోవడమేంటి? పడదంతే, పెదాలు వాచిపోతాయి. వీపు మీద ఏమైనా మచ్చ? ఎడమ పక్క, కాలిన మచ్చ, పెట్రోలు అంటుకుని. మీరిద్దరూ ఎక్కడ కలిశారు? నేను చేపల షెడ్డులో రొయ్యలు ఒలిచేదాన్ని. అతనొచ్చి ఐసు మోటారు బాగుచేసేవాడు. అవసరం లేకపోయినా వచ్చి బాగుచేసేవాడు.

ఉరేన్యా రాసుకుంటూ కొద్దిగా నవ్వింది. కలం కింద పెట్టింది.

"నిన్న రాత్రి ఆయన ఎక్కడ పడుకున్నారు?"

వస్తుందని తెలిసిన ప్రశ్నే. అయినా నినోస్కాకి ఆ క్షణంలో చెవుల్లో హెయ్సెల్ గొంతే వినపడింది. ఒక్క అబద్ధం. 'మా ఇంట్లో' అంటే చాలు. బయట కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి కూడా అదే చెప్పి ఉంటాడు, తన కోసం. చెప్పి ఉంటే ఇప్పుడు తను నిజం చెబితే ఇద్దరూ మునుగుతారు. చెప్పకపోయి ఉంటే తను అబద్ధం చెబితే తనొక్కతే మునుగుతుంది. ఇంత లెక్క ఒక్క గుటకలో వేసుకుంది. లెక్క తేలలేదు. తేలకపోవడంతో నోరు దానంతటదే నిజం చెప్పేసింది.

"వాళ్ళమ్మ ఇంట్లో. మూడు వారాలుగా అక్కడే ఉంటున్నాడు. నేనే పంపించేశాను."

"ఎందుకు?"

"నాకు కార్డు ఎవరిచ్చారని అడిగాడు. పదిమందిలో."

ఉరేన్యా కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"చూడమ్మా, ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పడం నా పద్ధతి కాదు. కానీ మీ ఇద్దరి విషయంలో చెప్పకుండా ముందుకి కదల్లేను. ఆయనా ఇదే చెప్పాడు. తనేమన్నాడో అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. నేనడగలేదు, తనే చెప్పాడు. చెప్పి, 'ఆవిడ రానిస్తే ఈ రోజే ఇంటికి వెళ్ళిపోతాను, రానిస్తుందో లేదో మీరు అడగండి, నాకు అడిగే మొహం లేదు' అన్నాడు."

నినోస్కా బల్ల అంచు పట్టుకుంది.

"అందుకని అడుగుతున్నాను. ఆయన్ని రానిస్తారా?"

"రానిస్తానంటే?"

"చిన్న గొడవ పడి మళ్ళీ కలిశారని రాస్తాను. ఫైలు ముందుకి వెళ్తుంది."

"రానివ్వనంటే?"

"విడిపోయారని రాయాల్సొస్తుంది. ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు."

గోడ గడియారం చప్పుడు చేస్తోంది. నినోస్కాకి నవ్వొచ్చినట్టయింది, ఏడుపూ వచ్చినట్టయింది. మూడు వారాలుగా పక్కమీద రెండో వైపు చెయ్యి చాపి, ఖాళీ తగిలి, మేలుకుంటోంది. అతనే గనక నిన్న గేటు దగ్గరికి వచ్చి ఇదే మాట అని ఉంటే, తిట్టి, ఏడ్చి, అన్నం పెట్టి ఉండేది. ఇప్పుడు ఇక్కడ, ఈ బల్ల ముందు, 'రానిస్తాను' అన్న మాట తన నోట్లోంచి వస్తే అది అతని కోసం వచ్చిందో కార్డు కోసం వచ్చిందో తనకే తెలియదు. రేపు అతనికీ తెలియదు. పదేళ్ళ తర్వాత ఏ పెరట్లోనో మళ్ళీ ఎవరో ఒకరు అడుగుతారు.

"మేడమ్, మీరు ఉన్నది రాసుకోండి. ఈ రోజుకి అతను వాళ్ళమ్మ ఇంట్లో ఉన్నాడు. మేం ఒకరినొకరు వదిలెయ్యలేదు. అతను అడిగినదానికి జవాబు నేనతనికి చెప్పుకుంటాను. అది దేశానికి చెప్పే జవాబు కాదు."

"అది నాకు సాయం చేసే జవాబు కాదమ్మా."

"తెలుసు."

"మీకూ సాయం చెయ్యదు."

"అదీ తెలుసు."

ఉరేన్యా ముక్కు తుడుచుకుంది. ఆవిడ మొహంలో కోపం లేదు. రోజూ అబద్ధాలు వినే మనిషికి నిజం వింటే పని పెరుగుతుంది, ఆ అలసట మాత్రం ఉంది.

"సరే. మూసెయ్యను. తెరిచే ఉంచుతాను. మావాళ్ళు మీ ఇంటికి వస్తారు. ఎప్పుడొస్తారో చెప్పరు. వచ్చిన రోజు అక్కడ కాపురం కనబడితే కాపురమని రాస్తారు, కనబడకపోతే లేదని రాస్తారు. ఇంతకంటే నేను చెయ్యగలిగింది లేదు."

బస్టాండులో బస్సుకి ఇంకా టైముంది. దోన్యా మయేలా రొట్టెల దుకాణం ముందు క్యూలో నిలబడింది. ఓల్గెర్ వచ్చి నినోస్కాకి కాస్త దూరంలో ఆగాడు.

"ఏం చెప్పారు?" అన్నాడు.

"నిజమే చెప్పాను."

"నేనూ అంతే."

"తెలుసు. ఆవిడ చెప్పింది."

అతని భుజాలు కొద్దిగా దిగాయి. "అయితే ఈ రోజే వచ్చేస్తాను. సంచులు ఇంకా విప్పలేదు."

"ఎందుకొస్తావు?"

"ఎందుకంటే ఏం చెప్పను? వాళ్ళు చూడ్డానికి వస్తారంట కదా. ఆ టైముకి నేను ఇంట్లో లేకపోతే మీ కార్డు..."

అతను మధ్యలో ఆగిపోయాడు. తన మాట తనకే వినిపించింది.

"చూశావా," అంది నినోస్కా. గొంతు పెంచలేదు. "మళ్ళీ నువ్వు నాకు కార్డు ఇస్తున్నావు."

"మరి నన్నేం చెయ్యమంటారు?" ఓల్గెర్ గొంతు మాత్రం పెరిగింది. బస్సు కోసం నిలబడ్డ ఒక ముసలాయన తిరిగి చూశాడు. "రాకపోతే మీ కార్డు పోతుంది. వస్తే కార్డు కోసం వచ్చానంటారు. తప్పు చేశాను. తాగి వాగాను. తాగకపోయినా ఆ మాట నా లోపల ఎక్కడో ఉంది కాబట్టే వచ్చిందని మీరనుకుంటారు. నిజమే, ఉంది. ఎలా వచ్చిందో నాకు తెలీదు. క్షమించమని అడుగుదామని రోజూ మీ హోటలు దాకా వచ్చి వెనక్కి పోయాను. ఇప్పుడు అడిగినా ఆ కార్డు లెక్కలోకే పోతుంది. అడిగే వీలు కూడా లేకుండా చేసుకున్నాను. దారేదన్నా ఉంటే చెప్పండి, అందులో నడుస్తాను."

అతను తనని మీరు అంటున్నాడు. ఆ సంగతి నినోస్కాకి తెలుస్తూనే ఉంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో గ్రీజు గోళ్ళ చెయ్యి ఉంది.

"నాకూ తెలీదు," అంది. "కార్డు సంగతి తేలేదాకా రావద్దు. తేలాక రా. వస్తే నీకోసం వచ్చావని నమ్ముతాను."

"తేలడమంటే పోవడమే కదా! పోతే మీరెక్కడుంటారు, నేనెక్కడికి రాను? సరిహద్దు అవతలికా?"

"రావాలనుంటే అక్కడికీ రావచ్చు."

రొట్టెల పొట్లం పట్టుకుని దోన్యా మయేలా వాళ్ళ వెనకే నిలబడి ఉంది. ఎంతసేపటి నించి నిలబడిందో ఇద్దరికీ తెలియదు. "బస్సొచ్చింది," అని మాత్రం అంది.

ఇంట్లో హెయ్సెల్ అంతా విని, చెప్పులు విసిరేసి, గోడకి ఆనుకుని కింద కూర్చుంది.

"బాగుంది. నీ పౌరుషం నీకు మిగిలింది. నాకేం మిగిలింది? అక్కడ నాకు స్కూలుందా, స్నేహితులున్నారా? ఆ ఊరి వీధులు కూడా నాకు సరిగ్గా గుర్తులేవు."

"నీకోసమే కదే వచ్చాను ఇక్కడికి."

"నాకోసం వచ్చినదానివి, నాకోసం ఒక్క మాట మార్చి చెప్పలేకపోయావు."

మర్నాడు నినోస్కా పని నించి వచ్చేసరికి పెరట్లో దండెం మీద ఓల్గెర్ పాత చొక్కా ఒకటి ఆరేసి ఉంది. తడిగా ఉంది కూడా, అప్పుడే ఉతికినట్టు. హెయ్సెల్ పనే. వచ్చేవాళ్ళ కంటబడాలని. నినోస్కా దాన్ని తీసి, పిండి, మడిచి లోపల పెట్టింది. మడిచేటప్పుడు ఎవరూ చూడటం లేదని ఒకసారి మొహానికి ఆనించుకుంది. సబ్బు వాసన తప్ప ఏం రాలేదు.

ఆ వారమంతా వీధిలో ఏ బండి ఆగినా ఆమె చేతిలో పని ఆగేది. ఐసు బండి, గ్యాసు బండి, తప్పు ఇంటికొచ్చిన టాక్సీ. ఓల్గెర్ రాలేదు. రావద్దన్న మాట అతను పాటిస్తున్నాడు. అందుకు ఆమెకి గౌరవమూ కలిగింది, పీకల దాకా కోపమూ వచ్చింది.

శుక్రవారం ఆమెకి సెలవు. పొద్దున గేటు చప్పుడైతే వెళ్ళి చూసింది. నీలం గౌను కాదు, ఇంట్లో వేసుకునే పూల గౌను. చేతిలో బట్టల సంచి. ఎండకి మొహాన చెమటలు కారుతున్నాయి. నాలుగేళ్ళలో మొదటిసారి దోన్యా మయేలా కోడలి గేటు ముందు నిలబడింది.

"లోపలికి రమ్మంటారా, ఇక్కడే ఎండబెడతారా?"

నినోస్కా గేటు తీసింది. ఆవిడ గడప దాటి, చుట్టూ ఒకసారి చూసి, "అనుకున్నదానికన్నా శుభ్రంగానే ఉంది," అని కుర్చీ లాక్కుంది.

"ఓల్గెర్ పంపించాడా?"

"వాడెవడు నన్ను పంపించడానికి? వాడు నిన్న సంచులు భుజాన వేసుకుని బయల్దేరాడు. ఏమైతే అది అయిందని. నేనే గుమ్మానికి అడ్డం నిలబడి వద్దన్నాను."

"మీరు ఆపారా?"

"ఆపాను. కూర్చోండి, తల ఎత్తి మాట్లాడితే నాకు మెడ నొప్పి." కోడలు కూర్చునేదాకా ఆగింది. "ఇప్పుడు వాడొస్తే మీకు కార్డు రెండోసారి ఇచ్చినట్టు వాడి బుర్రలో ఉండిపోతుంది. వాడు మంచోడే. మంచోళ్ళకి ఇలాంటివి మరీ గట్టిగా గుర్తుంటాయి."

"దోన్యా మయేలా, మీకు నేనంటే ఇష్టం లేదు కదా."

"లేదు," అందావిడ తడుముకోకుండా. "మీ వంటా నచ్చదు, మీ మాటా నచ్చదు. అది వేరు." ఒళ్ళో చేతులు పెట్టుకుని కాసేపు వాటినే చూసుకుంది. "మా ఆయన, వాడి నాన్న, పోయేదాకా ముప్ఫై ఏళ్ళు నన్నొకటే ప్రశ్న అడిగాడు. ఈ ఇల్లెవరిది అని. కూరలో ఉప్పెక్కువైతే అదే, మా అక్క చూడ్డానికొస్తే అదే. కొట్టేవాడు కాదు. తాగేవాడు కాదు. ఊళ్ళో అంతా దేవుడనేవాళ్ళు. ఈ ఇల్లెవరిది? మీది. అదీ నా జవాబు. ముప్ఫై ఏళ్ళు చెప్పాను. ఆరోజు పెరట్లో నా కొడుకు నోరు తెరిస్తే వాడి గొంతు కాదు వినపడింది."

ఆవిడ కళ్ళు తడవలేదు. లెక్క చెబుతున్నట్టే చెప్పింది.

"తెల్లారాక మీరు వాడి సంచులు తెచ్చి షెడ్డు ముందు పెట్టారని విన్నాను. ఆయన సంచి సంగతి సరే, నేను నా సంచైనా ఎప్పుడూ సర్దుకోలేదు. ఎలా ఉంటుందో చూద్దామని ఇవాళ సర్దుకున్నాను."

నినోస్కా ఆ సంచి వైపు చూసింది. పాతది, జిప్పు పోతే పిన్నీసు పెట్టి ఉంది.

"ఎన్నాళ్ళుంటారు?"

"ఆఫీసువాళ్ళు వచ్చేదాకా. హెయ్సెల్ మంచం పక్కన పడుకుంటాను. గురక పెడతాను, ముందే చెబుతున్నా."

"వాళ్ళొస్తే ఏం చెబుతారు? మీరు అబద్ధం ఆడరని..."

దోన్యా మయేలా జవాబు చెప్పేలోగా వీధిలో బండి ఆగింది. ఐసు బండి చప్పుడు కాదు. తలుపులు రెండు, ఒకదాని తర్వాత ఒకటి, మూతపడ్డాయి. కిటికీలోంచి తెల్ల జీపు కనిపించింది. యూనిఫారం చొక్కాలో ఒక పడుచువాడు, చేతిలో ఫైలుతో ఒకమ్మాయి. ఇంటి నంబరు వెతుక్కుంటున్నారు.

నినోస్కా లేచింది. ఇంట్లో మగమనిషి బట్ట ఒక్కటి లేదు, మడిచి దాచిన చొక్కా తప్ప. దాచడం కూడా తనే చేసింది.

"మీరు కూర్చోండి," అంది దోన్యా మయేలా. అప్పటికే లేచి, గౌను సర్దుకుని, గుమ్మంలో ఉంది.

"ఓల్గెర్ మతర్రీతా గారి ఇల్లు ఇదేనా అమ్మా?" అన్నాడు పడుచువాడు.

"నినోస్కా రుగామా ఇల్లు. నేను ఓల్గెర్ తల్లిని."

అతను ఫైలు వైపు చూసి, ఆవిడ వైపు చూశాడు. "మీ అబ్బాయి ఇక్కడే ఉంటున్నారా?"

లోపల నినోస్కా గుమ్మం వైపు అడుగేసింది. ఇటు చూడకుండానే దోన్యా మయేలా వీపు వెనక అరచెయ్యి చాపింది, కదలొద్దన్నట్టు. రెండో చేత్తో తలుపు బార్లా తీసింది.

"లోపలికి రండి నాయనా, ఎండలో నిలబడ్డారు. ముందు కాఫీ తాగండి. నేను చెప్పాల్సింది కాస్త పెద్దది. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటి నించి చెబుతాను."